పెద్దలకు అనువైన యిల్లు: బరంపురం నుంచి హల్దియాపదర్ దాకా

బరంపురం వచ్చిన మనవాళ్ళు చూచే వాటికి ఒక వరస వుంది. పట్టుచీరెల దుకాణాలు, బుఢీ ఠాకురాణి గుడి, సాయంకాలానికి గోపాలపురం సముద్రం, వీలు చిక్కితే తారాతారిణి కొండ. యిళ్ళు చూడడానికి యెవరూ రారు. అందులోనూ ముసలివాళ్ళు ఆ యిళ్ళలో యెలా తిరుగుతున్నారో, రాత్రిపూట యెలా లేస్తున్నారో, స్నానానికి యెలా వెళ్తున్నారో చూడడానికి బొత్తిగా రారు. యీసారి నేను ఆ పనిమీదే నాలుగు రోజులు వున్నాను. చూచినది మన చదువరులకు పనికివస్తుందని యీ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను. అరవై దాటినవారు లేని కుటుంబం మనలో అరుదు. ఒకవేళ యింట్లో వేరే యెవరూ లేరంటే, ఆ అరవై దాటినవారము మనమే అయివుంటాము.

ముందు పాత వూరి సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం యేర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో వుండేది. ఆనాటి వీధులు కొన్ని యిప్పటికీ వున్నాయి. యిళ్ళు ఒకదానికొకటి గోడ కలుపుకొని బారుగా నిలబడి వుంటాయి. వెడల్పు తక్కువ, పొడుగు యెక్కువ. వీధివైపు యెత్తైన అరుగు, దానికి రెండో మూడో మెట్లు, తరువాత ఒక గది వెనుక ఒక గది, మధ్యలో చిన్న ముంగిలి, ఆ వెనుక వంటిల్లు, పెరడు, నుయ్యి, అన్నిటికీ చివర మరుగుదొడ్డి. ప్రతి గదికీ ఒక గడప. యింటి శుభం గడపలో వుందని పసుపు రాసి బొట్టు పెట్టుకున్నాము. కాని డెబ్భైయేళ్ళ కాలికి అది అంగుళాలలో కొలవవలసిన అడ్డం. వీధి గది మంచం మీద నుంచి పెరటి చివరకు రాత్రి రెండుగంటలకు వెళ్ళి రావాలంటే, ఆ వయస్సుకు అదొక చిన్న కాశీయాత్రే!

అయితే ఆ యింట్లో ఒక గొప్ప సదుపాయం వుంది. అది అరుగు. ప్రొద్దున్నే తాతగారు వచ్చి అక్కడ కూర్చోకపోతే వీధిలో నలుగురూ అడుగుతారు. "యేమండీ, పెద్దాయన కనిపించలేదు?" అని యెదురింటివారు వచ్చి చూస్తారు. యే యంత్రమూ లేకుండా, జీతం బత్తెం లేకుండా నడిచిన కాపలా అది.

యిక హల్దియాపదర్‌కు వద్దాము. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పెద్దరోడ్డు బరంపురం అంచున తాకే చోటు యిది. ఒకప్పుడు ఆ రోడ్డును 5వ నెంబరు అనేవారు, యిప్పుడు 16వ నెంబరు. ఒడియాలో హలదియా అంటే పసుపు పచ్చనిది. పదర అంటే మెరకనేల, మైదానం. పేరుకు మైదానమే గాని, వూరు పెరిగి యిటువైపు కొత్త యిళ్ళు చాలా లేచాయి. పాత వీధుల్లోని వాటా పిల్లలకు విడిచి, పింఛను డబ్బుతో యిటువైపు యిల్లు కట్టుకున్న మనవారున్నారు. ఆ పిల్లలేమో విశాఖపట్నం, హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్ళిపోయారు. గంజాం పల్లెల నుంచి సూరత్ మగ్గాలకు వలసపోయినవారి సంగతి అందరికీ తెలిసిందే. కారణాలు వేరైనా, వెనుక మిగిలినవారు మాత్రం ఒక్కరే: అమ్మా, నాన్నా.

కొత్త యిళ్ళలో పెరటి ప్రయాణం లేదు, మరుగుదొడ్డి గదిని ఆనుకునే వుంది. మంచిదే. కాని నేలకు అద్దంలాంటి పలకలు పరిచారు. వాటిమీద నాలుగు నీటిచుక్కలు పడితే పాతికేళ్ళవాడు కూడా జారుతాడు. పడకగది మేడమీద పెట్టారు. అరుగు తీసేసి ఇనుప గేటు పెట్టారు. పాత యింట్లో శరీరానికి కష్టం, మనస్సుకు సుఖం. కొత్త యింట్లో తారుమారు. రెండింటిలోనూ ఒక లోపం సమానంగా వుంది: కట్టినప్పుడు ముప్ఫైయేళ్ళ కాళ్ళను తలచుకొని కట్టారు.

అక్కడ మాకు వరసకు పిన్నిగారు ఒకరున్నారు. డెబ్భైయెనిమిదేళ్ళు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, కొంచెం చెవుడు. "విశాఖ వెళ్ళిపోకూడదా పిన్నీ, అబ్బాయి రమ్మంటున్నాడు గదా" అన్నాను. ఆవిడ నవ్వి, "అక్కడ ఆరో అంతస్తులో కిటికీ పక్కన కూర్చొని కాకుల్ని లెక్కపెట్టాలి బాబూ. యిక్కడ పాలవాడు ఒడియాలో పలకరిస్తాడు, యెదురింటావిడ తెలుగులో దెబ్బలాడుతుంది. నాకు రెండూ కావాలి" అన్నది. నేను మాట్లాడలేదు. కాని ఆవిడ కోరిక తీరాలంటే ఒక షరతు వుంది: ఆవిడ పడకూడదు. ముసలితనంలో తుంటి యెముక విరిగితే, యెక్కడ వుండాలో ఆ తరువాత మనిషి నిర్ణయించదు, యెముక నిర్ణయిస్తుంది.

అందుచేత బాగుచేత మంచం దగ్గర మొదలుపెట్టాలి. మంచం మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. కుంగిపోయిన నవారు మంచం మీద నుంచి లేవడం కష్టం. రాత్రి మెలకువ వస్తే గభాలున లేవకూడదు. కూర్చొని, కాళ్ళు నాలుగైదుసార్లు ఆడించి, ఒక నిమిషం ఆగి లేవాలి. వయస్సు మీరినవారికి, రక్తపోటుకు మందులు వాడేవారికి, లేచీలేవగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. స్పృహ తప్పింది అనుకొనే పడిపోవడాలలో చాలా వాటికి మూలం యిదే. దారి పొడుగునా రాత్రంతా ఒక జీరో బల్బు వెలగాలి. దారిలో కాళ్ళ పట్టాలు, తివాసీ ముక్కలు, కరెంటు తీగెలు వుండకూడదు. గడపకు యెదురు రంగు వేస్తే చూపు మందగించినవారికి ఆనవాలు తెలుస్తుంది. చేతనైతే తాపీమేస్త్రి చేత గడపకు రెండువైపులా చిన్న వాలు కట్టించాలి. పసుపూ బొట్టూ యెక్కడికీ పోవు.

స్నానాలగదిలో గోడకు స్టీలు కమ్మీలు రెండు బిగించాలి. ఒకటి కూర్చొని లేచేచోట, రెండవది స్నానంచేసే చోట. తువాలు వేసుకొనే కడ్డీ చాలదు. మనిషి బరువు పడితే అది వూడి వస్తుంది. మోకాళ్ళు వంగనివారికి నేలదొడ్డి బదులు కమోడు పెట్టించాలి, లేదా దానిమీద అమర్చే కుర్చీ కొనాలి. నేలకు గరుకు పలకలు, కూర్చొని స్నానం చేయడానికి జారని కాళ్ళున్న స్టూలు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడి తలుపుకు అడ్డమైతే, లోపలికి తెరుచుకొనే తలుపును తోయలేము. గడియ బయటనుంచి కూడా తీయడానికి వీలుగా వుండాలి. పరువుకు భంగమని కొందరు పెద్దలు ఒప్పుకోరు. మంచి మాటలతో ఒప్పించాలి.

యిల్లు బాగుచేస్తే సగమే అయింది. మిగిలిన సగం ఒంట్లో వుంది. శుక్లాలు ముదిరేదాకా ఆగనక్కరలేదు, చూపు పనులకు అడ్డం వస్తే కంటివైద్యునికి చూపించాలి. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకొని ఒంటికాలిమీద కాసేపు నిలబడడం, యివి రోజూ చేస్తే తొడలకు బలం వస్తుంది, తూలడం తగ్గుతుంది. కాలికి వదులు చెప్పులు పనికిరావు. మధుమేహం వున్నవారు రోజూ అరికాళ్ళు చూచుకోవాలి, వంగలేకపోతే అద్దం పెట్టి చూడాలి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. మందుల మాటకు వస్తే, మాత్రలన్నీ ఒక కాగితం మీద వ్రాసి, యే వైద్యుని దగ్గరకు వెళ్ళినా ఆ కాగితం చూపించాలి. ఒకే మందును రెండు పేర్లతో యిద్దరు వైద్యులు వ్రాయడం, రెండూ మింగడం, అరుదైన సంగతి కాదు. నిద్రమాత్రలు వైద్యుని అడగకుండా వేసుకోరాదు. రాత్రి పడిపోవడాలకు అదొక కారణం.

గంజాంలో వుండేవారు ఎండనూ గాలినీ కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1998 వేసవిలో ఒడిశాలో వడగాడ్పులకు రెండువేల మందికి పైగా చనిపోయారు. వయస్సు పెరిగినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దాహం వేసినప్పుడు త్రాగుదామనుకోక, పూటకింత అని చెంబు పెట్టుకొని త్రాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఆ కొలత వైద్యుని అడగాలి. యిక అక్టోబరు మనకు తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. మరుసటి సంవత్సరం అదే తేదీని హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఫైలిన్ ముందు ఒడిశాలో లక్షలాది జనాన్ని తరలించి ప్రాణాలు కాపాడారు. కాని ఆ తరువాత బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, నీరు యెక్కదు, ఇన్సులిన్ పెట్టుకొనే ఫ్రిజ్ పనిచేయదు. కాబట్టి సెప్టెంబరు నెలాఖరుకే ఒక సంచి కట్టిపెట్టాలి: రెండు వారాల మందులు, మందుల కాగితం, టార్చి, కళ్ళజోడు, చేతికర్ర, బిస్కెట్లు, ఫోను నెంబర్లు వ్రాసిన చీటీ. ఇన్సులిన్‌కు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, దానిలో సీసాను నీరు తగలకుండా వుంచితే చల్లగా వుంటుంది. మన మజ్జిగకుండ శాస్త్రమే అది.

మరపు జబ్బు వచ్చినవారి సంగతి వేరుగా చెప్పాలి. యీ జబ్బులో కొందరికి తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోయి, తల్లిభాష చివరిదాకా నిలుస్తుంది. బరంపురంలో జీవితమంతా ఒడియాలో కచేరీ పని చేసిన మనిషి, చివరకు తెలుగులోనే మంచినీళ్ళు అడగవచ్చు. అటువంటివారికి తెలుగు తెలిసిన మనిషి దగ్గర వుండడం మందుతో సమానం. తెలియని వూరికి, తెలియని యింటికి మారిస్తే తికమక పెరుగుతుంది. వారి జేబులో పేరు, చిరునామా, ఫోను నెంబరు తెలుగులోనూ ఒడియాలోనూ వ్రాసి పెట్టాలి. గ్యాసు కట్టే పని మరొకరు చూచుకోవాలి.

యీ సేవంతా కోడలి నెత్తినో, వూళ్ళో వుండిపోయిన ఒక్క కూతురి నెత్తినో వేసి, దూరాన వున్నవారు ఫోనులో సలహాలు చెప్పడం న్యాయం కాదు. చెప్పినవారు డబ్బయినా పంపాలి, సంవత్సరంలో నెలరోజులైనా వచ్చి వుండి, చేసేవారికి విశ్రాంతి యివ్వాలి.

బరంపురంలో పెద్దాసుపత్రికి కొదువలేదు. 1962లో మొదలైన వైద్యకళాశాల పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరిట వుంది. ఆపదకు 108 వుంది. పెద్దల కష్టసుఖాలకు, నిరాదరణ ఫిర్యాదులకు 14567 అనే నెంబరు వుంది, దానికి ఖర్చు లేదు. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వం డెబ్భై నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, యేడాదికి ఐదు లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్సకు బీమా ప్రారంభించింది. ఒడిశా 2025లో ఆ ఆయుష్మాన్ పథకంలో చేరింది. కార్డు లేనివారు చేయించుకోవాలి. అయితే ఆ బీమా ఆసుపత్రిలో చేరిన తరువాతి ఖర్చుకు. గోడకు బిగించే కమ్మీకి అది రాదు. ఆ కమ్మీ ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఐదు లక్షల పక్కన దాని ఖరీదు యెంత?

అరుగు లేని కొత్త వీధుల్లో అరుగు పనిని మనుషులే చేయాలి. హల్దియాపదర్‌లో నేను చూచిన రెండిళ్ళవారు ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రొద్దున ఏడుగంటలకు వీధి కిటికీ తెరవాలి. తెరవకపోతే రెండోవారు వచ్చి తలుపు తట్టాలి. ఒకరు తెలుగువారు, మరొకరు ఒడియావారు. రెండోతాళంచెవి ఒకరిది ఒకరి దగ్గర వుంది. దీనికి సంఘమూ అక్కరలేదు, చందా అక్కరలేదు.

చదువరులు యీ రాత్రే ఒక పని చేయవచ్చు. యింట్లో పెద్దవారి మంచం మీద కూర్చొని, పెద్ద దీపాలు ఆర్పి, అక్కడనుంచి మరుగుదొడ్డి దాకా మెల్లగా నడిచి చూడండి. కాలికి యేది తగిలితే దాన్ని రేపు తీయించండి. చేతికి యెక్కడ ఆసరా దొరకలేదో అక్కడ కమ్మీ బిగించండి.