నడుద్దామంటే వీధేదీ?

ఏం వదినగారూ, ఇవాళ వాకింగ్ ఎగ్గొట్టినట్టున్నారు? మోకాళ్ళేనా మళ్ళీ? బరువు తగ్గమని డాక్టరుగారు ఊరికే చెప్పలేదండీ. చదును నేల మీద మామూలుగా నడిచినా మోకాలి మీద పడేది మన బరువుకి రెండు మూడింతలు. మోకీళ్ళు అరిగిన పెద్దవాళ్ళని పరీక్షించి చూస్తే, ఒంట్లో కిలో తగ్గినవాళ్ళకి అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గిందిట. అయిదు కిలోలు తగ్గారనుకోండి, అడుగుకి ఇరవై కిలోలు దించుకున్నట్టే!

లావుగా ఉన్నవాళ్ళు బద్ధకానికి నడవరని జనం ఎంత తేలిగ్గా అనేస్తారో! అంత బరువు మోస్తూ నడిస్తే ఎవరికైనా ఆయాసమే. మా ఆయన్నే చూడండి. బొజ్జ ముందుకి లాగుతుంటే నడుము వెనక్కి వంచి, కాళ్ళు ఎడంగా వేసి, అచ్చం నిండు చూలాలి నడకే! ఆవిడకైతే తొమ్మిది నెలల్లో దిగుతుంది, ఈయనకి పెళ్ళయిన దగ్గర్నుంచీ పెరుగుతూనే ఉంది. పైగా మన దేశంవాళ్ళకి బీఎంఐ 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్కట. తెల్లవాళ్ళయితే 30 దాటితేగానీ ఆ లెక్కలోకి రారు, మనకే ఈ కరువు.

అలాగని అంతా బరువు మీదే పెట్టేస్తే ఎలాగండీ? మా అత్తగారు బక్కపలచటి మనిషి కదా, ఆవిడెందుకు గుడికి వెళ్ళడం మానేశారు? రోడ్డు దాటలేకండీ. సిగ్నల్ దగ్గర దాటడానికిచ్చే టైము మామూలుగా సెకనుకి 1.2 మీటర్ల నడక మీద లెక్కేస్తారట. ఆ వయసువాళ్ళు చాలామంది 0.8 దగ్గరే ఆగిపోతారు. పధ్నాలుగు మీటర్ల రోడ్డుకి సిగ్నల్ లెక్కన పన్నెండు సెకన్లు చాలు, ఆవిడకి పదిహేడు దాటుతుంది. సగంలో ఉండగానే ఆటోలు హారన్లు కొడతాయి. ఆ భయానికి ఆవిడ ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నకొద్దీ తొడల్లో కండ కరిగిపోయింది, నడక ఇంకా నెమ్మదించింది.

ఇటు మా మనవరాలు కొత్తగా నడక నేర్చుకుంటోంది. చేతులు రెండూ పైకెత్తి, కాళ్ళు ఎడం చేసి, పాదం మొత్తం ఒక్కసారే నేలకేసి టపటపా నాలుగడుగులు వేస్తుంది, అంతలోనే చతికిలబడుతుంది. మడమ ముందు ఆనించి, వేళ్ళతో నేలని తోసే నడక కుదురుకుని, పూర్తిగా పెద్దవాళ్ళలా నడవడానికి ఏడేళ్ళదాకా పడుతుందిట. ఆ ఏడేళ్ళూ దాన్ని నడిపించడానికి వీధేదండీ? మన గేటు దాటితే డ్రైనేజీ పలక విరిగి నోరు తెరుచుకుని ఉంది. ఆ పక్కన ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని దాటితే ఎవరో పోసిన ఇసక, ఆపైన ఇంటింటికీ కారెక్కే ర్యాంపు. దిగి రోడ్డు మీద నడవాల్సిందే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వాళ్ళు 2012లోనే రాసిపెట్టారు. ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డంలేని జాగా కనీసం 1.8 మీటర్లుండాలి, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఎదురెదురుగా ఇద్దరు ఒరుసుకోకుండా పోవాలనీ, ముసలివాళ్ళు ఎక్కగలగాలనీ కదా ఆ లెక్క! మన వీధిలో గట్టు ఎక్కాలంటే నేనే గోడ పట్టుకుంటాను.

అదే మన బీచి రోడ్డు చూడండి. పొద్దున్నపూట రెండు గంటలు బండ్లు ఆపేస్తారా, ఎంతమంది జనమో! బొజ్జలవాళ్ళు, చేతికర్రలవాళ్ళు, సైకిలు తొక్కే పిల్లలు, చంటిదాన్ని చంకనేసుకున్న తల్లులు, అందరూ నడుస్తారు. వీళ్ళందరి బద్ధకం ఆ రెండు గంటలూ ఎక్కడికి పోయిందంటారు? మా ఆయనకీ అక్కడికి వెళ్తేనే హుషారు. కాకపోతే అక్కడిదాకా స్కూటర్ మీద వెళ్తారు. వీధి చివర కొట్లో ఉప్పు ప్యాకెట్టుకీ స్కూటరే. ఏమన్నా అంటే, “నడిచే దారి చూపించు, నడుస్తా” అంటారు. నిజమే కదా, ఏం చెప్పను?

అందుకే ఆదివారం అసోసియేషన్ మీటింగులో అడగబోతున్నాను. విరిగిన పలకలు మార్పించమని కార్పొరేషన్‌కి అర్జీ పెడదాం, మీరూ సంతకం చెయ్యాలి. ర్యాంపుల సంగతి కార్పొరేషన్ దాకా ఎందుకు, మనమే గేటు లోపలికి జరుపుకుందాం. మోకాళ్ళ నొప్పి తగ్గేదాకా అని మీరు మాత్రం నడక మానెయ్యకండి, మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలోనే ఓ పది నిమిషాలు తిరగండి, షుగరుకీ మంచిది. ఇంకోటి, ఏమీ అనుకోకండేం, ముందు మీ అబ్బాయి బండి ఆ ఫుట్‌పాత్ మీంచి తీయించండి!