నకలు వ్రాసినవాని చేవ్రాలు

పరిశోధన పత్రికలలో జరుగు గ్రంథచౌర్యమును గూర్చి మెట్రిక్యులేషను మాత్రము చదివిన గుమాస్తా వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని బరంపురములో ఒక న్యాయస్థానపు నకళ్ళ విభాగమున ముప్పదిరెండేండ్లు పనిచేసినవానికి నకలును గూర్చి నాలుగు మాటలు చెప్పు అర్హత కలదని నా నమ్మకము.

మా విభాగమున నకలు వ్రాయుట తప్పు కాదు. అదియే మా వృత్తి. అయితే ప్రతి నకలుపైన 'నకలు' అను ముద్రయు, తేదీయు, వ్రాసినవాని చేవ్రాలును, అసలుతో పోల్చి చూచినవాని చేవ్రాలును ఉండవలెను. ఇవి లేని కాగితము ఎంత ముచ్చటగా వ్రాసినను చెల్లదు. పరిశోధనకును ఇదే ధర్మము. ఒకరి మాటను గ్రహింపవచ్చును; అది ఎవరిదో, ఎచ్చట దొరికినదో చెప్పవలెను. చెప్పక తనదిగా చూపినచో అది చౌర్యము.

2018లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము (యు.జి.సి.) ఇందుకు నియమములు చేసినది. మూలము చూపి ఉదాహరించిన వాక్యములను, గ్రంథపట్టికను విడిచి, తక్కిన భాగమును కంప్యూటరుతో పోల్చి చూతురు. పోలిక నూటికి 10 పాళ్ళ వఱకు ఉన్నచో శిక్ష లేదు. అది దాటి 40 వఱకు ఉన్నచో వ్యాసమును ఉపసంహరింపవలెను. 40 దాటి 60 వఱకు ఉన్నచో ఒక ఇంక్రిమెంటు కూడ పోవును. రెండేండ్లు క్రొత్త పరిశోధక విద్యార్థులను చేర్చుకొనరాదు. ఇంక్రిమెంటు పోవుట యన నెట్టిదో ఉద్యోగులకు చెప్పనక్కరలేదు!

అయినను కంప్యూటరునకు తన భాండారమున చేరిన వ్రాతలే తెలియును. మన సంచికల వంటివి తఱచుగా అందు చేరవు. తెలుగు మాటను ఇంగ్లీషు చేసి వ్రాసినచో అది పట్టుకొనుట మఱింత కష్టము.

కొన్నేండ్ల క్రిందట మన సంఘ సంచికలో మా వీధి పెండ్లిపాటలను గూర్చి నేనొక వ్యాసము వ్రాసితిని. తూర్పుకొస నుండి మొదలిడి ఏ యింట ఏ పాట వింటినో ఆ వరుసనే వ్రాసి, ప్రతి పాటక్రింద పాడినవారి పేరు చేర్చితిని. తరువాత మా అన్నగారి మనుమరాలు ఒక ఇంగ్లీషు పరిశోధన పత్రికను తెచ్చి చూపినది. అందు అవే పాటలు, అదే వరుస. మా వీధి యిండ్ల వరుస అచ్చట 'శాస్త్రీయ విభజన'యై కూర్చున్నది! నా పేరు లేకపోయిన పోవుగాక. పాడిన 11 మంది స్త్రీలలో ఒక్కరి పేరును లేదు. వారిలో ఏడుగురు అప్పటికే పరమపదించిరి. వారి పేర్లు అచ్చులో నిలిచిన చోటు మన సంచిక యొక్కటే.

మనుమరాలి సాయముతో రెండు వ్యాసములను పుటల వారీగా పోల్చి, పట్టిక వ్రాసి, ఆ పత్రిక సంపాదకునకు పంపితిని. దూషణవాక్యము ఒక్కటియు వ్రాయలేదు. బ్రిటనులోని వైద్య పత్రికల సంపాదకులు కొందఱు 1997లో నెలకొల్పిన 'కోప్' అను ప్రచురణ నీతి సంఘము చూపిన మార్గమును ఇదియే: సంపాదకుడు సాక్ష్యము చూచి, వ్యాసకర్తను సంజాయిషీ యడిగి, తప్పు తేలినచో సవరణనో ఉపసంహరణనో ప్రకటింపవలెను. నాలుగు మాసములకు సవరణ వెలువడినది. అందు మన సంచిక పేరును, ఆ 11 మంది పేర్లును చేరినవి.

దొంగను పట్టుటకంటె దొంగతనము జరుగకుండ చూచుట మేలు. మన సంచికలు గ్రంథాలయములకు చేరవలెను. వాని పుటలు తేదీతో సహా ఇంటర్నెట్టులోను ఉండవలెను. అప్పుడు మూలము కనబడలేదను సాకు ఎవరికిని మిగులదు. పరిశోధన చేయు మన పిల్లలు ఏ పుస్తకమునుండి ఏమి వ్రాసికొన్నను, పుట సంఖ్యను అప్పుడే వేసికొనవలెను. తరువాత వేసికొందమన్నది తరచుగా మఱపున పడును. తర్జుమా చేసినను, మాటలు మార్చినను మూలము చెప్పక తప్పదు. ఇంటికి వచ్చి పాటయో కథయో అడుగు విద్యార్థికి మన పెద్దలు సంతోషముతో చెప్పుదురుగాక, చెప్పిన పిమ్మట, "నా పేరు వ్రాసికొంటివా, నాయనా?" అని అడుగుటకు మాత్రము మొగమాటపడరాదు.