దవడ వదలడం నేర్చుకున్నాను

మొదట చెవి నొప్పే అనుకున్నాను. ఎడమ చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే టక్కుమనేది. ఆవలిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కణత నుంచి మెడ దాకా ఒకటే లాగుడు. చెవి డాక్టరు చూసి చెవి బాగానే ఉందన్నాడు. పళ్ళ డాక్టరొకాయన జ్ఞానదంతం పీకేశాడు. పన్నయితే పోయింది గానీ నొప్పి పోలేదు. ఆ పంటిలో ఏ దోషమూ లేదని పాత ఎక్స్‌రే చూసి ఇంకొకాయన చెప్పాడు. అప్పటికి చేసేదేముంది?

ఆ రోజుల్లో నన్ను బతికించింది రాగి సంగటే. మా కోలారు వైపు సంగటిని నమలరు, ముద్ద చేసి చారులో అద్ది మింగేస్తారు. చపాతీ, వేరుశనక్కాయలు, చెరకు ముక్క అన్నీ మానేశాను.

మా నాన్న కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్స్ గనిలో దిగినవాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా వైపు ఎన్నో ఇళ్ళకు బెంగళూరు రైలే అన్నం పెడుతోంది. నేనూ చీకటితోనే లేచి చాంపియన్ స్టేషన్‌లో ఎక్కేదాన్ని. సీటు దొరికితే సరే, లేకపోతే నిలబడే ప్రయాణం. దారి పొడుగునా పళ్ళు బిగబట్టుకుని ఉంటానని నాకే తెలియదు.

చివరికి బెంగళూరులో ఒక డాక్టరు ఇది దవడ బిగింపు వల్ల వచ్చే నొప్పని చెప్పి, బయోఫీడ్‌బ్యాక్ చేయించుకోమని రాసిచ్చారు. "దవడకి కరెంటు పెడతారా పాపా?" అని అమ్మ హడలిపోయింది. పెట్టరు. చెంప మీద, కణత మీద చిన్న బిళ్ళలు అంటిస్తారు. కండరం బిగిసినప్పుడు అందులో పుట్టే విద్యుత్తును యంత్రం పట్టుకుంటుంది. అది మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. దాన్ని తెర మీద గీతగా చూపిస్తుంది, చెవికి మోతగా వినిపిస్తుంది. బిగిస్తే మోత పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.

శిక్షణ ఇచ్చే మేడమ్ ఊరికే కూర్చోమన్నారు. కూర్చున్నాను. మోత ఆగదే! "నేనేమీ చేయట్లేదు మేడమ్" అన్నాను. నాలుక కొన పై పళ్ళ వెనక ఆనించి, పెదవులు మూసి, పళ్ళు మాత్రం విడిగా ఉంచమన్నారామె. అప్పుడు తగ్గింది. తగ్గిందని సంబరపడగానే మళ్ళీ పెరిగింది. ఆఫీసు సంగతి తలుచుకుంటే ఇక చెప్పక్కర్లేదు. గట్టిగా ప్రయత్నించేకొద్దీ బిగుసుకుపోవడం నాకు ఏడుపు తెప్పించేది.

యంత్రం లేనప్పుడు ఎలా? నాకు స్టేషన్లే గుర్తు. ఊరుగాం, కోరమాండల్, బంగారుపేట, టేకల్, మాలూరు... బండి ఆగినచోటల్లా పళ్ళు తాకుతున్నాయా అని చూసుకునేదాన్ని. కొన్ని నెలలకు కణత లాగుడు పోయింది. చపాతీ తినగలుగుతున్నాను.

టక్కు శబ్దం ఇంకా ఉంది. రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతానని ప్లాస్టిక్ తొడుగు పెట్టుకుంటాను. కీలులోని మృదులాస్థి బిళ్ళ జారినవాళ్ళకు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఈ శిక్షణ ఒక్కటే చాలదని డాక్టర్లే చెబుతారు. బిగింపు వల్ల వచ్చే నొప్పికి మాత్రం పనిచేస్తుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ లాంటి ఆసుపత్రుల్లో బయోఫీడ్‌బ్యాక్ సౌకర్యం ఉంది. ఈ దవడ బాధ ఆడవాళ్ళలోనే ఎక్కువ. చెవి ముందు నొప్పి వస్తుంటే, పన్ను పీకించుకునే ముందు దవడ కీలు కూడా చూడమని డాక్టర్ని అడగండి.