సీక్వెన్సు పెద్దదా, కలరు పెద్దదా?

పేకముక్క పట్టిన ఇంట్లో దీపం నిలవదని మా నాయనమ్మ అంటూ ఉండేది. ఆవిడ ఆ మాట ఊరికే అనలేదు, కారణం తరువాత చెబుతాను. అటువంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను ముప్ఫయ్యేళ్ళ వయసులో, సప్తసముద్రాల కవతల, ఒక సహోద్యోగి ఇంటి నేలమాళిగలో కూర్చుని పోకరు నేర్చుకొన్నాను. నేర్చుకోవడమంటే గెలవడం కాదు సుమండీ! మొదటి రాత్రే ఇరవై డాలర్లు సమర్పించుకొని వచ్చాను. అవి పోయిన తీరు మాత్రం ఇన్నేళ్ళయినా మరపున పడలేదు.

అది 2004 చలికాలం. అంతకు ముందు ఏడాదే క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు లాస్ వేగాస్‌లో జరిగే ప్రపంచ పోకరు పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఇంటిపేరే మనీమేకర్! పద్దులు రాసుకొనే మామూలు మనిషి మహామహుల్ని ఓడించేసరికి, ఇక మనమెందుకు గెలవమని అమెరికాలో ప్రతివాడికీ అనిపించింది కాబోలు. టీవీ పెడితే పోకరు, ఆఫీసులో కాఫీ దగ్గర పోకరు. శుక్రవారం రాత్రి ఒక మనిషి తక్కువయ్యాడని నన్ను పిలిచారు. పేకాట వచ్చా అని అడిగితే, "రమ్మీ వచ్చు, మూడు ముక్కలాట చూశాను" అన్నాను. "అయితే ఇంకేం, సగం వచ్చినట్టే" అన్నారు. ఆ సగమే నా కొంప ముంచింది.

వాళ్ళు ఆడింది టెక్సస్ హోల్డెమ్. మనిషికి రెండు ముక్కలు బోర్లించి పంచుతారు. అవి ఎవరివి వారికే తెలుసు. ఒక విడత పందెం కాసుకొన్నాక, బల్ల మధ్యలో మూడు ముక్కలు తెరిచి పరుస్తారు. అవి అందరి సొత్తు. మళ్ళీ పందెం. నాలుగో ముక్క, పందెం. అయిదో ముక్క, చివరి పందెం. చేతిలోని రెండూ బల్లమీది అయిదూ కలిపి మొత్తం ఏడింటిలోంచి మేలైన అయిదు ఏరుకోవాలి. ఎవరి అయిదు పెద్దవైతే వారిదే సొమ్ము. ఎప్పుడైనా సరే, చాలనుకొంటే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

చాలాసేపు బుద్ధిగా చిన్న చిన్న మొత్తాలు పోగొట్టుకొన్నాను. ఆపైన ఇస్పేటు ఎనిమిదీ, డైమను తొమ్మిదీ వచ్చాయి. బల్లమీద ఆఠీను ఆరు, ఆఠీను ఏడు, కళావరు రాజు పడ్డాయి. నాలుగో ముక్క డైమను పది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది! నా గుండె చప్పుడు పక్కవాడికి వినిపిస్తుందేమోనని భయమేసింది. అయిదో ముక్కగా ఆఠీను రెండు పడింది. దానిమీద నాకు దృష్టే లేదు. ఎదుటివాడు పందెం పెంచాడు. నేనూ పెంచాను. అతను మళ్ళీ పెంచాడు. ఉన్నదంతా ముందుకు తోసి, పెళ్ళివారికి నగలు చూపించినట్టు నా ముక్కలు పరిచాను.

అతను ఆఠీను ఆసూ, ఆఠీను నాలుగూ చూపించి డబ్బు దగ్గరకు లాక్కోబోయాడు.

"ఆగండాగండి, మీది ఉత్త కలరు, నాది సీక్వెన్సు" అన్నాను. ఎవరూ గట్టిగా నవ్వలేదు, అదొక మర్యాద. ఇంటాయన లేచి, పేక డబ్బాలోంచి చిన్న అట్టముక్క తీసి నా ముందు పెట్టాడు. అందులో హోదాలు వరసగా అచ్చువేసి ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఏమీ లేని చేయి. ఆపైన ఒక జత, రెండు జతలు, ఒకే అంకె మూడు ముక్కలు. తరువాత సీక్వెన్సు, అంటే స్ట్రెయిట్. దాని నెత్తిన కలరు, అంటే ఫ్లష్. ఆపైన మూడూ రెండూ కలిసిన ఫుల్‌హౌస్, ఒకే అంకె నాలుగు, ఒకే రంగులో సీక్వెన్సు. కొసన పది నుంచి ఆసు దాకా ఒకే రంగులో వచ్చే రాయల్ ఫ్లష్.

అట్టముక్క మీద ఉన్నది నిజమే. కానీ నేను చిన్నప్పుడు కళ్ళారా చూసినదీ నిజమే.

మా ఊళ్ళో సంక్రాంతి మూడు రోజులూ చెరువుగట్టు మీద కోడిపందేల బరి, ఆ పక్కనే పందిట్లో మూడు ముక్కలాట. నాకప్పుడు పదేళ్ళు. సోడాలు అందించే నెపంతో మా బాబాయి వెనక కూర్చున్నాను. ఆయన చేతిలో మూడూ ఇస్పేట్లే. ఆసు, పది, నాలుగు. ఆట సాగి సాగి ఇద్దరే మిగిలారు. ఎదుటాయన అయిదు, ఆరు, ఏడు పరిచాడు, మూడూ మూడు రంగులు. సీక్వెన్సు ముందు కలరు ఓడిపోయింది. ఆ పందెంలో మా పిన్ని చేతి బంగారు గాజులు పోయాయి. ఆ వేసవిలో పాత బాకీలన్నీ కలిసి, నూతి పక్క ఎకరం పోయింది. నాయనమ్మ మాటకు కారణం అదీ.

అందుకే ఆ రాత్రి ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు. అక్కడ సీక్వెన్సు పెద్దదయితే, ఇక్కడ కలరు ఎందుకు పెద్దదయింది? కాగితం, కలం తీసుకొన్నాను. హోదాలకు ఆధారం అరుదుతనం. ఎంత అరుదుగా వస్తే అంత పెద్దరికం. యాభై రెండు ముక్కల్లోంచి మూడు ముక్కల్ని 22,100 రకాలుగా తీయవచ్చు. అందులో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. కనక మూడు ముక్కల్లో సీక్వెన్సే అరుదు. అయిదు ముక్కల్ని తీయగల విధాలు 25,98,960. అందులో సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108 మాత్రమే. లెక్క తిరగబడింది! సీక్వెన్సులో ప్రతి ముక్కకూ నాలుగు రంగుల వెసులుబాటు ఉంటుంది. కలరుకు ఆ వెసులుబాటు లేదు, ముక్కలు పెరిగేకొద్దీ ఒకే రంగు దొరకడం కష్టమవుతుంది. హోల్డెమ్‌లో ఏడింటిలోంచి ఏరుకొన్నా, హోదాలు మాత్రం ఈ అయిదు ముక్కల లెక్క ప్రకారమే.

అన్నట్టు, మన మూడు ముక్కలాటలో ఒక అన్యాయముంది. మూడూ ఒకే అంకె రావడానికి 52 మార్గాలు, ఒకే రంగులో సీక్వెన్సు రావడానికి 48. లెక్క ప్రకారం రెండోదే పెద్దది కావాలి. అయినా పెద్దపీట మొదటిదానికే. లోకంలో హోదాలన్నీ లెక్క ప్రకారం వస్తాయా ఏమిటి?

ఆ కాగితం మీద ఇంకో అంకె నన్ను చాలాసేపు నిలబెట్టేసింది. అయిదు ముక్కల చేతుల్లో 13,02,540 చేతులకు ఏ హోదా లేదు. జత కూడా లేదు. అంటే సగానికి పైగా ఉత్త చేతులే. ఆటలో ఎక్కువ భాగం గెలవడం కాదు, తప్పుకోవడమే.

మొన్న వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చుని ఈ లెక్కంతా బాబాయికి చెప్పాను. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊరడించాలనే నా ఉద్దేశం. "నీ ముక్కలు మంచివే బాబాయ్. 22,100 లో కలరును కొట్టగలిగినవి 820 చేతులే. వందకు నాలుగు కూడా కాదు. నీది తప్పాట కాదు" అన్నాను. రమ్మీకి నేర్పు కావాలనీ, మూడు ముక్కలాట వట్టి అదృష్టమనీ సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే తేల్చిందని కూడా చెప్పాను.

ఆయన కాసేపు వీధి వంక చూశాడు.

"ముక్కలు మంచివేరా. కానీ ఎదుటాయన బ్లైండు కాదు, ముక్కలు చూసుకొని ఆడుతున్నాడు. పెంచిన ప్రతిసారీ తొణక్కుండా పెంచాడు. వాడి దగ్గర నాకన్నా పెద్దది ఉందని నాకు తెలిసిపోయింది. లెక్క తెలీక కాదు. పడేస్తే నలుగురిలో చిన్నతనమని..."

లోపలి నుంచి పిన్ని కాఫీ గ్లాసులు తెచ్చి మా మధ్య పెట్టింది. మట్టిగాజులు గలగలమన్నాయి. మేమిద్దరం తలెత్తలేదు.

అప్పుడు నాకు నేలమాళిగ గుర్తొచ్చింది. బల్లమీద మూడు ఆఠీన్లు ఉన్నాయి. ఎదుటివాడు మళ్ళీ మళ్ళీ పెంచాడు. హోదాలు సరిగ్గా తెలిసి ఉంటే మాత్రం నేను పడేసేవాణ్ణా? అనుమానమే. నేను పోగొట్టుకొన్నది ఇరవై డాలర్లు కాబట్టి దాన్ని కథగా చెప్పుకొంటున్నాను. అంతే తేడా.

మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం చేయగలిగినంత చేస్తుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఎక్కడో చూసి, పోకరు నేర్పమని అడిగింది. నాయనమ్మ మాట గుర్తొచ్చి ముందు వద్దన్నాను. తరువాత నేనే పేక కొనుక్కొచ్చాను. చిల్లరకు బదులు రాజ్మా గింజలతో ఆడుకొంటున్నాం. హోదాలు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. సీక్వెన్సు కన్నా కలరు ఎందుకు పెద్దదో నాకన్నా బాగా చెబుతుంది.

నిన్న రాత్రి తన ముక్కలు చూసుకొంది, బల్ల వంక చూసింది, నేను పెంచిన గింజల వంక చూసింది. చాలాసేపు ఆలోచించి ముక్కలు బోర్లించి పక్కకు తోసేసింది. పడేసిన ముక్కల్ని ఎవరికీ చూపించనక్కరలేదు. నేనూ అడగలేదు.