ఇరవై ఆరవ రోజా నాటి ప్రయాణం

రంజాన్ చివరి రోజులలో నల్లగొండ బజారును చూడదలచినవారు అసర్ నమాజు ముగించుకొని గడియారం చౌరస్తా నుండి ప్రకాశం బజారు వైపు నడవాలి. మార్చి నెల ఎండలు అప్పటికి కొంత తగ్గుతాయి. ఒంటిపూట బడులు మొదలైనందున పిల్లలందరూ తల్లుల కొంగులు పట్టుకొని అక్కడే ఉంటారు. సేమ్యా గుట్టలు, ఎండు ఖర్జూరాలు, సారపప్పు, అత్తరు సీసాలు, సుర్మా, జరీ టోపీలు, గాజులు. బట్టల దుకాణదారులలో హిందూ సోదరులే అధికం. అయినా మనిషిని చూడగానే ‘పండుగకు జోడానా, సాబ్?’ అని అడుగుతారు. దర్జీలు మాత్రం పదిహేనవ రోజా దాటిన తరువాత కొత్త గుడ్డను ముట్టుకోరు. ఈ సంగతి ప్రతి యేడూ తెలిసి ఉండీ ప్రతి యేడూ ఆలస్యంగానే వెళతాము. రెడీమేడ్ చొక్కాతో తిరిగి వస్తాము.

ఈసారి మా వెంట మనవరాలు, మనవడు ఉన్నారు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నవాడికి ఆరు. బట్టలకన్నా ముందు ఫిత్రా గోధుమలు కొనడం మా ఇంటి ఆనవాయితీ. పండుగ నమాజుకు వెళ్ళక ముందే అది పేదవారి చేతికి చేరాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. చివరిదాకా వదిలేస్తే డబ్బులన్నీ గాజులకూ చెప్పులకూ పోతాయని మా అనుభవం. మా ప్రాంతపు ఆలిములు చెప్పే లెక్క తలకు పావుతక్కువ రెండు కిలోలు. తన పేరున కూడా ఫిత్రా ఉన్నదని తెలిసి చిన్నవాడు గర్వంగా ఛాతీ విరిచాడు. మూడవ తరగతి చదివే పెద్దది వేళ్ళమీద లెక్క వేసి, “ఆరుగురికి పదిన్నర కిలోలే కదా దాదా, మూడు బస్తాలెందుకు?” అని అడిగింది. “ఉండనీ, పనికి వస్తాయి” అని మాట దాటవేశాము. మా ఇల్లాలు అప్పుడు గాజుల దుకాణం వైపు చూస్తున్నారు.

మా అమ్మాయి అత్తవారిల్లు మహబూబ్‌నగర్. పండుగకు పుట్టింటి బట్టలు అందజేయాలి. ఇరవై ఆరవ రోజా నాడు బయలుదేరాలని నిశ్చయించాము. మనవరాలు ఆ రోజే తన మొదటి రోజా ఉంటానని పట్టుబట్టింది. సాయంత్రం ఫుప్పూ ఇంట్లో రోజా కుషాయీ, మెడలో పూలమాల, ఇరుగుపొరుగుల దుఆలు. ఫోనులోనే అన్నీ నిర్ణయమైపోయాయి. ఇందులో మా తప్పు కూడా ఉన్నది. ప్రయాణం రోజున వద్దని చెప్పవలసిన మేమే, మా మనవరాలు ఎనిమిదేళ్ళకే రోజా ఉంటున్నదని మస్జిదులో నలుగురి ముందు చెప్పుకున్నాము.

ఆ రోజు సహరీకి అది నిద్రమత్తులో రెండు ముద్దలు తిన్నది. ఫజర్ తరువాత సామాను సర్ది, ఎనిమిది గంటలకు బస్సు ఎక్కాము. 2023 డిసెంబరు నుండి మన ఆర్టీసీ బస్సులలో ఆడవారికి టికెట్టు లేదు. కండక్టరు మా ఇల్లాలికీ మనవరాలికీ జీరో టికెట్లు ఇచ్చి, మాకు పూర్తి టికెట్టు, చిన్నవాడికి అర టికెట్టు కొట్టాడు. “అక్క నాకన్నా పెద్దది. దానికి ఉత్తగనే, నాకు పైసలా?” అని వాడు నిలదీశాడు. బస్సంతా నవ్వింది. మహబూబ్‌నగర్ చేరేదాకా వాడు ఆ అన్యాయాన్ని మరువలేదు.

నల్లగొండ నుండి కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్‌కు 150 కిలోమీటర్ల పైమాట. దారి పొడవునా రాతి గుట్టలు, వాటి నడుమ బత్తాయి తోటలు, పత్తి కట్టె పీకిన ఎర్రచెలకలు. దేవరకొండ సమీపిస్తుండగా కోట గోడలు కొండలమీద పాకుతున్నట్లు కనిపిస్తాయి. మధ్యలో ఒక వృద్ధుడు ఎక్కాడు. వెన్ను వంగి, మోకాళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయి. తాతకు ఏమైందని పెద్దది మెల్లగా అడిగింది. నీళ్ళే కారణమని చెప్పాము. ఈ నేలలోని ఫ్లోరైడు బోరు నీళ్ళ ద్వారా ఎముకలలో చేరి ఎందరినో ఇలా చేసింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారు. పేరు రావడానికి ఇదొక్కటే దొరికిందా అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇప్పుడు కృష్ణా జలాలు వస్తున్నాయి. అయితే వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. పెద్దది చాలాసేపు మాట్లాడలేదు. కథకు భయపడిందనుకున్నాము.

కల్వకుర్తిలో బస్సు మారాలి. మధ్యాహ్నపు ఎండ తలమీద ఉన్నది. సామాను దించి చూచేసరికి పెద్దది బల్లకు ఆనుకొని కళ్ళు మూసుకున్నది. పెదవులు ఎండిపోయాయి. పిలిస్తే “ఊఁ” అన్నది కాని కళ్ళు నిలపలేకపోయింది.

మేము చేసిన పని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) వారి హదీసు మాకు జ్ఞాపకం వచ్చింది. ఆషూరా నాడు తమ పిల్లల చేత రోజా ఉంచేవారట. ఆకలికి ఏడిస్తే ఇఫ్తార్ వరకు ఉన్నితో చేసిన ఆటబొమ్మ ఇచ్చేవారట. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసును ముప్పై ఏండ్లుగా పాఠం చెబుతున్నాము. వెంటనే అంగడికి పోయి రంగుల గాలిపంకా కొనుక్కొచ్చాము! పెద్దది దానిని చేతిలోనికైనా తీసుకోలేదు. చిన్నవాడు తీసుకొని ఊదడం మొదలుపెట్టాడు. ఆకలికి మారాం చేసే బిడ్డను మరపించడానికి బొమ్మ చాలు. ఈ బిడ్డకు కావలసింది నీళ్ళు. ఆ రెండింటికీ ఉన్న తేడా కితాబు చూడకుండానే తెలియవలసినది.

“నీళ్ళు తాగు తల్లీ. పిల్లలమీద రోజా ఫర్జ్ కాదు, మానేసినా బదులు ఉండనక్కరలేదు” అన్నాము. అది తల అడ్డంగా ఊపింది. “దాదా, మీరు అందరికీ చెప్పిన్రు కదా. ఫుప్పూ మాల తెచ్చింది. ఇప్పుడు తాగితే అందరూ నవ్వుతరు” అని ఏడ్చింది. కంట నీళ్ళు కూడా సరిగా రాలేదు. దానికి తోడుగా మేమూ విరమిద్దామా అంటే, ఇంటివద్ద తెల్లవారి రోజాతో ఊరు దాటిన మాకు మన హనఫీ మస్‌అలా ప్రకారం ఆ రోజుకు ప్రయాణపు సడలింపు వర్తించదు. మా జ్ఞానమంతా బస్టాండులో నిలబడి ఇలా సడలింపులు వెతుకుతున్నది.

అప్పుడు మా ఇల్లాలు సంచిలోనుండి సీసా తీశారు. మూత విప్పి, బిస్మిల్లాహ్ అని, అంతమందిలో కూర్చుని మూడు గుక్కలు తాగారు. మనవరాలు ఏడుపు ఆపి చూచింది.

“దాదీ! మీ రోజా?”

“నాకు రోజా లేదు బిడ్డా. ఈ నెలంతా లేదు. నాకు షుగర్ ఉన్నది, రోజూ సూది వేసుకుంటున్న. ఇక జన్మలో ఉపవాసం వద్దని డాక్టరు షాబాన్‌లోనే చెప్పిండు.”

అది నిజమే. మాకు తెలుసు, మా కోడలికి తెలుసు. ఆవిడ ప్రతి దినమూ మాతో సహరీకి లేచేవారు, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ వద్ద కూర్చునేవారు. జుహర్ తరువాత వంటింటి తలుపు వేసుకొని రెండు రొట్టెలు తినేవారు. మౌలానా ఇంట్లో రోజా లేని మనిషి ఉన్నదని ఎవరైనా అంటారేమోనని ఆవిడ భయం. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపు గురించి ప్రతి రంజానులోనూ ప్రసంగించే మేము, ఆ తలుపు తెరచి తినమని ఒక్కనాడూ అనలేదు. అలా దాచడం మాకూ అనుకూలంగానే ఉండినది.

మనవరాలు ఆవిడ ముఖాన్ని చూస్తూ ఏదో లెక్క వేసుకున్నది. “ఆ బస్తాలు మీవా దాదీ?”

“నావే. ముప్పై దినాల ఫిద్యా. దినానికొక బీదవాని అన్నం.”

ఆవిడ సీసా చాచారు. అది రెండు చేతులా పట్టుకొని తాగింది. ఆ తరువాత ఇద్దరూ ఒక బత్తాయి ఒలుచుకొని పంచుకున్నారు. బల్లమీద కూర్చున్న ఒక లంబాడీ అవ్వ తన కొంగుతో పిల్లకు విసిరింది. జడ్చర్ల బస్సు ఎక్కేసరికి పెద్దది గాలిపంకా కొరకు తమ్మునితో తగవు పడుతున్నది. మా ప్రాణం కుదుటపడింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరున 1890లో మహబూబ్‌నగర్ అయిన ఆ పట్టణాన్ని ఊరివారు నేటికీ పాలమూరు అనే అంటారు. పాలమూరు కూలీలు ముంబయి మొదలు దేశమంతటా పనులకు పోయారు. పండుగకు తిరిగి వచ్చే కుటుంబాలతో ఆ సాయంత్రం బస్టాండు నిండి ఉన్నది. పిల్లలు మూటలమీదనే నిద్రపోతున్నారు. మా అమ్మాయి ఇంట్లో ఇఫ్తార్‌కు పొరుగువారు వచ్చారు. జరిగింది మేమే చెప్పాము, ఇల్లాలి సంగతితో సహా, ఆవిడ అనుమతితోనే. వచ్చిన స్త్రీలలో ఒకామె లేచి వెళ్ళి ఆవిడ ప్రక్కన కూర్చుని, తనకు కూడా రెండేండ్లుగా రోజాలు లేవని మెల్లగా చెప్పడం మాకు వినిపించింది. మల్లెల మాలను ఏమి చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి చిన్నవాడు మెడలో వేసుకొని ఇషా దాకా ఇల్లంతా తిరిగాడు. అర టికెట్టు నష్టం దానితో భర్తీ అయినట్లున్నది.

మరునాటి ఉదయం పిల్లలను పిల్లలమర్రికి తీసుకువెళ్ళాము. పట్టణానికి నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏండ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి సుమారు మూడెకరాలలో ఊడలు దించి, ఏది మొదలో ఏది కొమ్మో తెలియకుండా ఉంటుంది. చెదలు తొలిచి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. మరుసటి యేడు దానికి సెలైన్ సీసాలు వ్రేలాడదీసి చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. ఆ ఫోటోలను దేశమంతా చూచింది. ఇప్పుడు కొమ్మలు ఎక్కనీయరు, దూరంనుండే చూడాలి.

మేము ఇదంతా వివరిస్తుండగా పెద్దది శ్రద్ధగా విని, “దీనికి కూడా షుగరా దాదీ?” అని అడిగింది.

మా ఇల్లాలు నవ్వారు. టిఫిను డబ్బా తెరిచి, రొట్టె తుంచి, ఒక ముక్క దాని నోట పెట్టి, మిగిలినది తాము తినసాగారు.