చిలక పేరుకు ఎన్ని అర్థాలో

ఖమ్మం జిల్లా వేంసూరు మామిడితోటల్లో కాయ ముదిరే రోజుల్లో తెల్లారుతూనే చిలకల గుంపు దిగుతుంది. కాపలా మనిషి డబ్బా కొడితే గోలగా లేచి పక్క మొక్కజొన్న చేలో వాలుతుంది. అక్కడ ఒక్క చిలకను దగ్గర్నుంచి చూడాలి. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో గింజను పట్టుకుని నోటికి అందించుకుంటుంది. కాలికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి. అందుకే ఆ పట్టు. తినేది కొంత, పారేసేది అంతకు మించి. రైతుకు కడుపు మండుతుంది. ఆ రైతే ఇంట్లో పిల్లకు జామపండు ఇస్తూ ‘చిలక కొట్టింది, తియ్యగుంటది’ అంటాడు.

తెలుగుకు చిలక అంటే అంత ముద్దు. గోడకు చిలక్కొయ్య, పళ్లెంలో తాంబూలం చిలకలు, సారెలో పంచదార చిలకలు, చీరకు చిలకపచ్చ.

ఇంగ్లిషువాళ్లు ఇంత ప్రేమ చూపలేదు. చిలకకు వాళ్ల పాత మాట ‘పాపిన్‌జే’. అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ పేరు చివరికి డాబుసరి మనిషికి తిట్టయింది. 16వ శతాబ్దంలో వచ్చిన ‘పారట్’ కూడా అర్థం తెలియకుండా వల్లించడం అనే క్రియగా మారింది. మనకూ బట్టీ చదువును చిలకపలుకులనడం ఉంది కానీ, పసిపిల్లల ముద్దుమాటలకూ అదే పేరు.

ఈ నింద చిలకకు అన్యాయం. అమెరికాలో పరిశోధకురాలు ఐరీన్ పెప్పర్‌బర్గ్ పెంచిన అలెక్స్ అనే చిలక 2007లో చనిపోయేనాటికి వందకు పైగా మాటలు నేర్చింది. వస్తువు చూపిస్తే రంగు, ఆకారం చెప్పేది. వెనిజులాలో ఒక జాతి చిన్న చిలకలు గూట్లోనే పిల్లలకు వేరువేరు పిలుపులు నేర్పుతాయని 2011లో పరిశోధకులు గమనించారు. అంటే చిలకలకు పేర్లున్నాయి, మనం పెట్టినవి కావు. వేంసూరు తోటల్లో ఏ చిలకా తెలుగు మాట్లాడదు. దానికి తన జట్టుంది, తన మాటుంది. జట్టు దూరమై పంజరంలో పడ్డాకే మన మాట పట్టుకుంటుంది.

చిలకను పంజరంలో పెట్టడం తప్పన్న సంగతి ఖమ్మం సీమకు ఎప్పుడో తెలుసు. నేలకొండపల్లిలో పుట్టి భద్రాద్రి గుడి కట్టించిన కంచర్ల గోపన్నకు గోల్కొండలో పన్నెండేళ్ల చెర ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు చిలకను పంజరంలో పెట్టినందుకని జనం చెప్పుకుంటారు. రాముడి భక్తుడికి సైతం ఆ కథ మినహాయింపు ఇవ్వలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం నేరం. అయినా సంతల్లో జోస్యగాడి పెట్టెలోంచి రెక్కలు కత్తిరించిన చిలక బయటికొచ్చి, ఎవరిదో అదృష్టం రాసిన కార్డు తీసిచ్చి, తిరిగి లోపలికే నడుస్తుంది.