గుండె మీది గంట

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆఫ్రికా దేశాల పేర్లు మనకంటే బాగా తెలుసు. ఉద్దానం తోటల్లో పండే పిక్క ఆ ఫ్యాక్టరీలకు ఏడాది పొడవునా చాలదు. అందుకని బెనిన్ నుంచి, టాంజానియా నుంచి, ఐవరీకోస్ట్ నుంచి ఓడల్లో పిక్కలు దిగుతాయి. దిగినప్పుడల్లా తన 80 కిలోల బస్తాకు ధర పోతోందని ఉద్దానం రైతు మొత్తుకుంటాడు. ఆ మొరలో న్యాయం ఉంది, దాని గురించి విడిగా రాయాలి. ఇవాళ్టి మాట పలాసలో పిక్క కొట్టే ఒక తల్లిదీ, ఆవిడ కూతురిదీ.

ఆ అమ్మాయి నా దగ్గర బొమ్మలు నేర్చుకుంది. పైచదువుకు ఇంగ్లండు వెళ్లింది. అక్కడ ఆఫ్రికా కళ పాఠం కోసం వాళ్ల క్లాసునంతా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్లారు. మా కోటబొమ్మాళిలో దీపాలు పెట్టే వేళకు నాకు వీడియో ఫోను చేసింది. తెరంతా ఒక ఇత్తడి పలక.

"మాస్టారూ, ఈయన గుండె మీద చూడండి. మన తప్పెటగుళ్లోళ్లు కట్టుకున్నట్టు నేదూ?"

కళ్లజోడు తుడుచుకుని చూశాను. బల్లెం, డాలు పట్టిన సైనికుడు. మెడలో చిరుతపులి కోరల దండ. దాని కింద, సరిగ్గా ఛాతీ నడుమ, నాలుగు పలకల గంట. బెనిన్ రాజ్యపు సైనికులు అలాంటి గంటలు కట్టుకుని యుద్ధానికి వెళ్లేవారు. అడుగు వేస్తే గంట మోగేది. మన తప్పెటగుళ్లలోనూ అంతే. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగిరి గంతేస్తే మనిషికీ వాద్యానికీ తేడా తెలియదు. గాజు వెనక ఉన్న ఆ గంటను ఆ గదిలో ఎంతమంది బొమ్మగా చూసి దాటిపోయారో! జాతరల్లో పెరిగిన మా పిల్లకు అది వినిపించింది.

ఆ పలకలు 16, 17 శతాబ్దాలవి. అక్కడి రాజును ఒబా అంటారు. ఆయన కోట స్తంభాలకు వీటిని తాపడం చేశారు. చేసే పద్ధతి చెబుతాను వినండి. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. గోటితో గీసిన గీత కూడా మైనంలో నిలుస్తుంది. దాని మీద మెత్తటి మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు మళ్లీ పనికిరాదు కాబట్టి ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. బెనిన్ సిటీలోని ఇగున్ వీధిలో ఇప్పటికీ ఈ పోతపని సాగుతోంది. బుడితి కంచూ ఇత్తడీ ఇంట్లో వాడుకున్న జిల్లా మనది, ఆ చేతుల విలువ మనకు వేరే చెప్పక్కర్లేదు. బెనిన్ పలకల ఇత్తడిలో చాలా భాగం యూరప్ వర్తకులు కడియాల రూపంలో తెచ్చినదే. మిరియాలకూ, ఏనుగు దంతాలకూ, మనుషులకూ బదులుగా ఇచ్చిన కడియాలవి.

ఆ రాత్రి అమ్మాయి వాళ్లమ్మకూ పలకను చూపించింది. జీడి తగిలి నల్లబడ్డ వేళ్లతో ఫోను దగ్గరగా పట్టుకుని ఆవిడ, "బెనినంటే మన పిక్కలొచ్చే బెనినేనా?" అని అడిగిందట. కాదు. పలకలు చేసిన బెనిన్ రాజ్యం ఎడో జాతివారిది, అది నేటి నైజీరియాలో ఉంది. పిక్కలొచ్చే దేశానికి 1975 దాకా దహోమీ అని పేరు. తర్వాత అక్కడి సముద్రపు అఖాతం పేరు పెట్టుకున్నారు. ఆ అఖాతానికి పేరొచ్చింది పాత రాజ్యం నుంచే. ఆ తల్లి అడిగింది ఎంత మంచి ప్రశ్నో చూడండి!

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం బెనిన్ మీద పడి కోటను దోచుకుంది, ఆ తర్వాత ఒబాను కలబార్‌కు పంపేసింది. పలకలు లండన్ చేరింది అలాగే. నేను అమ్మాయితో, "అమ్మా, అదే భవనంలో మన అమరావతి శిల్పాలున్నాయి, అవీ చూడు" అన్నాను. ఆ శిల్పాలు 1880లో ఆ మ్యూజియంలో చేరాయి. వెతుక్కుని వెళ్లి, వాటి ముందు చాలాసేపు నిలబడిందట. ఎడోవాళ్ల పిల్లలైనా, మన పిల్లలైనా అక్కడున్న తాతల పనితనం చూడాలంటే విమానం ఎక్కాలి. జర్మనీ 2022 డిసెంబరులో ఆ దోపిడీలో పోయిన 20 వస్తువులను నైజీరియాకు తిరిగి ఇచ్చింది. బ్రిటిష్ మ్యూజియం మాత్రం తిరిగి ఇవ్వడానికి 1963 నాటి చట్టం ఒప్పుకోదంటుంది. ఈ మాట నాకు మింగుడుపడదు. చట్టం చేసిన పార్లమెంటు అక్కడే ఉంది, మార్చవచ్చు.

ఆఫ్రికాను తెలుసుకోవడానికి అందరూ లండన్ వెళ్లలేరు, వెళ్లక్కర్లేదు కూడా. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇథియోపియా మొదలుకొని ఎన్నో ఆఫ్రికా దేశాల పిల్లలు చదువుకుంటున్నారు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ చదువుతుంటే, వచ్చే మా ఊరి కొత్తమ్మ తల్లి జాతరకు ఆ స్నేహితులను వెంటబెట్టుకు రమ్మనండి. రైలెక్కితే కోటబొమ్మాళి స్టేషన్లోనే దిగొచ్చు. భోజనం మా ఇంట్లో. తప్పెటగుళ్లు మొదలయ్యే వేళకు వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టే పూచీ నాది.